కుక్క ఊపిరితిత్తిలో కణితి: రెండున్నర శతాబ్దాల రోగనిర్ధారణ చరిత్ర

జీవితమంతా మనుషులకు వైద్యం చేసినవాడు కుక్కల జబ్బు గురించి వ్రాయడమేమిటని మీలో కొందరికి సందేహం కలగవచ్చు. ఆ సందేహానికి సమాధానం చరిత్రలోనే ఉంది. మనిషి ఛాతీని తెరవడం వైద్యులు కుక్కల మీదనే నేర్చుకున్నారు. పొగాకు పొగ ఊపిరితిత్తిని ఏం చేస్తుందో తెలుసుకోవడానికి కూడా కుక్కలనే పరీక్షించారు. నేడు కుక్క ఊపిరితిత్తిలో కణితి కనిపిస్తే పశువైద్యుడు చేసే ప్రతి పనిలోనూ ఆ పాత ఋణం తిరిగి చెల్లుతున్నది. పామర్రు వంటి ఊళ్ళలో ఇప్పుడు ఇంటింటా కుక్కను సాకుతున్నారు. టీకాలు, మంచి తిండి వల్ల ఆ కుక్కలు పది పన్నెండేళ్ళు బ్రతుకుతున్నాయి. ఆయువు పెరిగినచోట కణితులూ కనిపిస్తాయి. కనుక ఈ చరిత్ర మీకు ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ఒకప్పుడు మనిషికీ అరుదైన జబ్బే

1912లో న్యూయార్కు వైద్యుడు ఐజాక్ ఆడ్లర్ ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద ఒక గ్రంథం ప్రచురించాడు. ఇంత అరుదైన జబ్బు మీద ప్రత్యేకంగా పుస్తకం అవసరమా అని ఆయనే అందులో సంకోచించాడు. ప్రపంచ వైద్య సాహిత్యమంతా గాలించినా ఆయనకు దొరికిన కేసులు నాలుగు వందలకు లోపే. ఆ తరువాత నలభై ఏళ్ళు తిరగకుండానే అదే జబ్బు పాశ్చాత్య దేశాల పురుషులలో ప్రధాన మృత్యుకారణాలలో ఒకటి అయ్యింది. మధ్యలో వచ్చిన పెద్ద మార్పు యంత్రాల మీద లక్షల సంఖ్యలో తయారైన సిగరెట్టు. 1950లో అమెరికాలో విండర్, గ్రాహం, ఇంగ్లండులో డాల్, హిల్ వేర్వేరుగా ఈ సంబంధాన్ని లెక్కలతో నిరూపించారు.

కుక్క విషయంలో పరిస్థితి నేటికీ ఆడ్లర్ నాటి మనిషి వంటిదే. కుక్కలలో కనిపించే కణితులన్నిటిలో ఊపిరితిత్తిలోనే పుట్టేవి సుమారు ఒక శాతం. అవి కూడా ఎక్కువగా పది పదకొండేళ్ళ వయసులో బయటపడతాయి. మనిషి ఆయువుకూ కుక్క ఆయువుకూ తేడా ఉన్నమాట నిజమే. అయినా ఒకే ఇంట్లో, ఒకే గాలి పీలుస్తూ బ్రతికే రెండు ప్రాణులలో ఒకదానికి ఈ జబ్బు అరుదుగా ఉండి, రెండవదానికి సాధారణమైపోయిందంటే అందులో మనకొక పాఠమున్నది. కుక్క సిగరెట్టు వెలిగించదు.

చెవితో మొదలై ఛాయాచిత్రం దాకా

1761వ సంవత్సరం వైద్యచరిత్రలో విశేషమైనది. ఆ ఏడు వియన్నాలో లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్ ఛాతీని వ్రేళ్ళతో తట్టి, ఆ మోతను బట్టి లోపలి జబ్బును గుర్తించే పద్ధతిని వివరిస్తూ చిన్న పుస్తకం వెలువరించాడు. ఆయన తండ్రి పూటకూళ్ళ ఇల్లు నడిపేవాడు. పీపాను తట్టి అందులో ద్రవం ఎంతవరకు ఉన్నదో తెలుసుకోవడం అక్కడ మామూలు పని. అదే ఏడు ఫ్రాన్సులోని లియాన్ నగరంలో క్లోద్ బూర్జెలా ఆధ్వర్యంలో ప్రపంచంలోని మొట్టమొదటి పశువైద్య విద్యాలయం స్థాపితమైంది. 1816లో లెనెక్ స్టెతస్కోపు కనిపెట్టాడు. ఈ మూడింటితో ఛాతీ జబ్బులకు తట్టడం, వినడం అనే రెండు సాధనాలు అమరాయి.

కుక్క దగ్గర ఈ రెండూ పూర్తిగా పనిచేయవు. కుక్క ఎగరొప్పుతూ ఉంటే లోపలి శబ్దాలు సరిగా వినపడవు. ఊపిరితిత్తి లోతున నిమ్మకాయంత కణితి ఉన్నా చుట్టూ ఆరోగ్యకరమైన కణజాలం ఉంటే స్టెతస్కోపుకు ఏమీ చెప్పదు. కనుక శతాబ్దాల పాటు ఈ జబ్బు చనిపోయిన కుక్కను కోసి చూసినప్పుడు మాత్రమే తెలిసేది.

1895 నవంబరు 8న రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను గుర్తించడంతో పరిస్థితి మారింది. కొద్దికాలానికే పశువైద్యులు గుర్రం కాళ్ళకు ఎక్స్‌రేలు తీయడం మొదలుపెట్టారు. ఛాతీ లోపల నీడలు చదవడం తరువాతి దశాబ్దాలలో క్రమంగా అలవడింది. నేటికీ కుక్క ఊపిరితిత్తి కణితికి మొదటి సాక్ష్యం ఎక్స్‌రేయే. అయితే ఒక్క ఫిల్ము చాలదు. కుక్కను ఒక ప్రక్కకు పడుకోబెట్టినప్పుడు క్రిందివైపు ఊపిరితిత్తి నొక్కుకుపోయి గాలి తగ్గుతుంది. ఆ ప్రక్కన ఉన్న కణితి నీడ చుట్టూ ఉన్న తెలుపులో కలిసిపోతుంది. అందుకే కుడిప్రక్క, ఎడమప్రక్క, వెల్లకిల అని మూడు భంగిమలలో తీయాలన్న నియమం వచ్చింది. అర సెంటీమీటరు లోపు గడ్డలు ఎక్స్‌రేకు సాధారణంగా అందవు. 1971లో హౌన్స్‌ఫీల్డ్ యంత్రంతో మనుషులకు మొదలైన సి.టి. స్కాన్ తరువాత జంతువులకూ అందివచ్చి, ఒకటి రెండు మిల్లీమీటర్ల మచ్చలను కూడా చూపగలుగుతున్నది.

కుక్క మీద నేర్చిన విద్య

కణితిని చూడటం ఒక ఎత్తు. దానిని తీయడం మరొక ఎత్తు. ఛాతీ గోడను కోసిన మరుక్షణం బయటి గాలి లోపలికి దూసుకుపోయి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. ఈ ఒక్క కారణం చేత కడుపును ధైర్యంగా తెరచిన శస్త్రచికిత్సకులు కూడా ఛాతీ జోలికి పోలేదు. 1904లో బ్రెస్లావులో ఫెర్డినాండ్ సావర్‌బ్రుఖ్ గాలి పీడనం తగ్గించిన గదిని నిర్మించి, అందులో కుక్కల ఛాతీలను తెరచి, ఊపిరితిత్తి ముడుచుకుపోకుండా నిలపవచ్చునని చూపాడు. 1909లో న్యూయార్కు రాక్‌ఫెల్లర్ సంస్థలో మెల్ట్‌జర్, ఔయర్ ఇంకా సులువైన మార్గం కనిపెట్టారు. శ్వాసనాళంలోకి గొట్టం దింపి గాలిని పంపుతూ ఉంటే ఛాతీ తెరచి ఉన్నా ప్రాణం నిలుస్తుంది. వారు ప్రయోగించినదీ కుక్కల మీదనే. నేడు ప్రతి ఆపరేషన్ థియేటరులోనూ మత్తువైద్యుడు దింపే గొట్టం వెనుక ఆ కుక్కలున్నాయి.

1933 ఏప్రిల్ 5న సెయింట్ లూయిస్‌లో ఎవర్ట్స్ గ్రాహం క్యాన్సర్ సోకిన ఒక ఊపిరితిత్తిని ఒకే విడతలో పూర్తిగా తొలగించాడు. ఆ రోగి స్వయంగా వైద్యుడు. ఆపరేషను తరువాత ఆయన దాదాపు ముప్ఫై ఏళ్ళు బ్రతికాడు. పొగాకుకూ ఈ క్యాన్సరుకూ ఉన్న ముడిని మొదట నమ్మని గ్రాహం తరువాత విండర్‌తో కలిసి దానిని తానే నిరూపించాడు. చాలాకాలం పొగత్రాగిన ఆయన 1957లో ఊపిరితిత్తుల క్యాన్సరుతోనే కన్నుమూశాడు.

ఈ విద్య క్రమంగా కుక్కల వద్దకు తిరిగి వచ్చింది. కుక్కకు కుడి ఊపిరితిత్తిలో నాలుగు తమ్మెలు, ఎడమదానిలో రెండు. కణితి ఉన్న తమ్మెను మొదలంటా తీసివేస్తే మిగిలినవి ఆ పని అందుకుంటాయి. ఈ శతాబ్దంలో చిన్న రంధ్రాల ద్వారా కెమెరా పంపి తమ్మెను తొలగించే పద్ధతి కూడా వచ్చింది.

పొగ త్రాగించిన కుక్కలు

ఈ చరిత్రలో చదవడానికి కష్టమైన పుట ఒకటున్నది. 1970లో ఆస్కార్ ఔయెర్‌బాఖ్, కైలర్ హామండ్ అనే పరిశోధకులు బీగిల్ జాతి కుక్కల గొంతులో రంధ్రం చేసి, గొట్టం ద్వారా రెండేళ్ళకు పైగా సిగరెట్టు పొగ పీల్పించిన ఫలితాలను ప్రకటించారు. వడపోత లేని సిగరెట్లు ఎక్కువగా పీల్చిన కుక్కలలో ఊపిరితిత్తి కణితులు కనిపించాయి. లెక్కలు ఎన్ని చూపినా జంతువులో నిరూపణ ఏదీ అని ప్రశ్నిస్తున్న పొగాకు కంపెనీలకు అది జవాబు. ఆ ప్రయోగం మీద శాస్త్రీయ వాదాలూ, నైతిక అభ్యంతరాలూ అప్పుడే లేచాయి. అటువంటి ప్రయోగాన్ని నేడు సమర్థించడం కష్టం.

మరి ఇంట్లో యజమాని త్రాగే పొగ కుక్కను బాధిస్తుందా? 1992లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ రీఫ్ బృందం ఊపిరితిత్తి క్యాన్సరు వచ్చిన 51 కుక్కలను, ఇతర క్యాన్సర్లు ఉన్న 83 కుక్కలతో పోల్చి చూసింది. పొగత్రాగేవారి ఇళ్ళలోని కుక్కలకు ముప్పు సుమారు 1.6 రెట్లుగా కనిపించింది. కేసుల సంఖ్య చిన్నది కనుక అది నిశ్చయమైన నిరూపణ కాదు. పొట్టి, మధ్యరకం ముక్కున్న జాతులలో ఆ సంబంధం కొంత ఎక్కువగా కనబడింది. 1998లో అదే బృందం పొడవు ముక్కు కుక్కలలో ముక్కు క్యాన్సరుకూ ఇంటి పొగకూ సంబంధం ఉన్నట్టు తెలిపింది. పొడవైన ముక్కు పొగలోని కణాలను పట్టి ఆపుతుంది. ఆపినచోటనే హాని జరుగుతుంది. పొట్టి ముక్కు ఆపలేదు కనుక అవి లోపలికి దిగుతాయి. ఈ వివరణ ఒక ఊహయే అయినా బుద్ధికి అందేదే.

పామర్రు నుంచి భీమవరం దారిలో

ఈ కథలో తెలుగువారి వంతు కూడా ఉన్నది. పామర్రు దగ్గర మొదలై గుడివాడ, కైకలూరు, ఆకివీడు మీదుగా సాగే జాతీయ రహదారి భీమవరం చేరుతుంది. రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టిన 1895వ సంవత్సరంలోనే, జనవరి 12న, ఆ భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు జన్మించారు. మద్రాసులో వైద్యం చదివి, 1922లో అమెరికా చేరి, హార్వర్డులో పనిచేసి, 1940లో లెడర్లీ పరిశోధనాలయంలో చేరారు. ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్ మందుతో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సరును తాత్కాలికంగానైనా లొంగదీసి 1948లో లోకానికి చాటాడు. క్యాన్సరును మందుతో ఎదిరించవచ్చుననే నమ్మకానికి అది ఒక గట్టి పునాది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు తన 53వ ఏట మరణించారు.

ఆయన బృందం 1947లో వెలువరించిన మరొక మందు డైఇథైల్ కార్బమజీన్. కోస్తా జిల్లాలలో బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర అదే. మీలో చాలామంది దానిని మింగే ఉంటారు. ఆ మందును తొలిదశలో పరీక్షించిన జంతువులలో ఫైలేరియా క్రిములు సహజంగా సోకిన కుక్కలు కూడా ఉన్నాయి. తరువాత ఎన్నో ఏళ్ళు అమెరికాలో కుక్కల గుండెపురుగు నివారణకు ఆ మందునే రోజూ ఇచ్చేవారు. గుండెపురుగు గుండె కుడిభాగంలోనూ ఊపిరితిత్తికి పోయే ధమనులలోనూ చేరి దగ్గు తెప్పిస్తుంది. అప్పటికే రక్తంలో క్రిముల పిల్లలున్న కుక్కకు ఈ మందు ఇస్తే ప్రమాదకరమైన ప్రతిచర్య రావచ్చు. కనుక మన ఇంట్లో మిగిలిన మాత్రను కుక్కకు వేయరాదు.

రెండవ బంధువు మన పెరటిలోనే ఉన్నది. అది బిళ్ళగన్నేరు. 1958లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ మొక్క నుంచి విన్‌బ్లాస్టిన్ వేరుచేశారు. తరువాత విన్‌క్రిస్టిన్ వచ్చింది. మన వీధికుక్కలలో జననాంగాల వద్ద ఎర్రగా, రక్తమోడుతూ కనిపించే అంటుకణితికి నేడు విన్‌క్రిస్టినే ప్రధానమైన మందు. ఆ కణితినే 1876లో రష్యా పశువైద్యుడు నోవిన్‌స్కీ ఒక కుక్క నుంచి కుక్కపిల్లలకు అంటుకట్టి, క్యాన్సరు ప్రయోగాల చరిత్రకు నాంది పలికాడు. బిళ్ళగన్నేరు రసాయనాలనే ఆధారం చేసుకుని ఫ్రాన్సులో పియెర్ పోటియె బృందం వినోరెల్బిన్ తయారుచేసింది. కుక్కల ఊపిరితిత్తి కణితికి నేడు ప్రయత్నించే మందులలో అది ముఖ్యమైనది. మొక్కను నూరి పోయడం మాత్రం మందు కాదు, విషం.

నేటి నిర్ధారణ ఎలా జరుగుతుంది

వయసు మళ్ళిన కుక్క వారాల తరబడి పొడిదగ్గు దగ్గుతూ, చిక్కిపోతూ, నాలుగడుగులు వేయగానే ఆయాసపడితే అనుమానించాలి. కొన్నిటికి దగ్గే ఉండదు. వేరే పనికి తీసిన ఎక్స్‌రేలో కణితి యాదృచ్ఛికంగా కనబడుతుంది. మరికొన్ని కుంటుకుంటూ వస్తాయి. నాలుగు కాళ్ళ క్రిందిభాగాలు వాచి, ఎముకల మీద కొత్త ఎముక పేరుకుంటుంది. 1890లో పియెర్ మారీ మనుషులలో వర్ణించిన లక్షణానికి ఇది జంతురూపం. కాలి వాపుకు కారణం ఛాతీలో ఉండవచ్చునని తెలియకపోతే నెలల తరబడి కీళ్ళ మందులే వాడతారు.

ఎక్స్‌రేలో గడ్డ కనబడినంత మాత్రాన తీర్పు చెప్పరాదు. మొదటి ప్రశ్న అది అక్కడే పుట్టిందా, వేరేచోట నుంచి వచ్చిందా అన్నది. కుక్క ఊపిరితిత్తిలో కనిపించే కణితులలో ఎక్కువ భాగం రొమ్ము, ఎముక, నోరు, ప్లీహం, థైరాయిడ్ వంటి భాగాల నుంచి ప్రాకివచ్చినవే. ఒకే పెద్ద గడ్డ అయితే అక్కడే పుట్టిందనీ, చిన్నవి అనేకమైతే ప్రాకివచ్చినవనీ తొలి అనుమానం. అందుకే ఆడకుక్క రొమ్ములను, నోటిని, ఎముకలను, పొట్టను వెదకకుండా పరీక్ష పూర్తికాదు.

రెండవ ప్రశ్న అది అసలు కణితియేనా అన్నది. చీముగడ్డ, శిలీంధ్ర వ్యాధి, క్షయ ఇవన్నీ అదే నీడ వేస్తాయి. మన ప్రాంతంలో గుర్తుంచుకోవలసిన మరొకటి స్పైరోసెర్కా అనే పురుగు. పేడపురుగులను తిన్న కుక్కలకు ఇది సోకి, ఆహారనాళం గోడలో గడ్డలు కడుతుంది. ఛాతీ ఎక్స్‌రేలో అది కణితిలా కనబడుతుంది, కాళ్ళ వాపు కూడా తెప్పించగలదు. దానిని తొలిదశలో గుర్తిస్తే మందులతో తగ్గే అవకాశమున్నది. ఆలస్యమైతే ఆ గడ్డయే నిజమైన క్యాన్సరుగా మారవచ్చు. మందుతో పోయే పురుగుగడ్డను చూసి, క్యాన్సరని నిరాశపడి కుక్కను వదులుకుంటే అంతకన్నా నష్టం లేదు. గొంతు ద్వారా ఎండోస్కోపు వేసి చూస్తే ఈ అనుమానం చాలావరకు తీరుతుంది.

మూడవ మెట్టు అల్ట్రాసౌండు లేదా సి.టి. చూపే దారిలో సన్నని సూదితో కణాలు తీసి సూక్ష్మదర్శినిలో చూడటం. ఛాతీలో నీరు చేరితే ఆ నీటినే పరీక్షించవచ్చు. ఒకే గడ్డ ఉండి, ఆపరేషనుకు వీలుగా ఉంటే, కొన్నిసార్లు ముందు సూది పరీక్ష లేకుండానే తీసివేసి తరువాత పరీక్షకు పంపుతారు.

చికిత్స, దాని హద్దులు

ఒకే తమ్మెలో ఉన్న కణితికి ఆ తమ్మెను తొలగించడమే ఉత్తమ చికిత్స. ఫలితాన్ని నిర్ణయించేవి ప్రధానంగా నాలుగు: కణితి పరిమాణం, కణాల స్వభావం, ఆపరేషనుకు ముందు లక్షణాలు ఉండటం లేదా లేకపోవడం, శ్వాసనాళాల దగ్గరి లింఫు గ్రంథులకు వ్యాపించడం లేదా వ్యాపించకపోవడం. గ్రంథులు శుభ్రంగా ఉన్న కుక్కలు ఆపరేషను తరువాత ఏడాది, అంతకు మించి కూడా హాయిగా బ్రతుకుతాయి. గ్రంథులకు పాకితే ఆ కాలం వారాలకు, కొద్ది నెలలకు కుదించుకుపోతుంది. పదేళ్ళ కుక్కకు ఏడాది అంటే మన లెక్కలో ఎన్నో ఏళ్ళు.

ఆపరేషను వీలుకానప్పుడు వినోరెల్బిన్ వంటి మందులు కొన్నిటిలో కణితిని తగ్గిస్తాయి, నయం చేయవు. కుక్కల కీమోథెరపీలో లక్ష్యం సౌఖ్యంగా బ్రతికించడం కనుక మోతాదులు కూడా తదనుగుణంగా ఉంటాయి. మనుషులలో చూసినంత బాధ సాధారణంగా ఉండదు. ఛాతీలో చేరిన నీటిని తీయడం, నొప్పికి మందు, దగ్గుకు ఉపశమనం ఇవి కూడా చికిత్సయే. ఊపిరి అందక రాత్రంతా కూర్చునే ఉండే స్థితి వచ్చినప్పుడు, పశువైద్యుడు దయామరణం సూచిస్తే, దానిని ప్రేమలేనితనంగా భావించనవసరం లేదు.

పామర్రు ప్రాంత పాఠకులకు

మన చుట్టుప్రక్కల వారికి అందుబాటులో ఉన్న ఉన్నత పశువైద్య విద్యాసంస్థ గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల. అది 1998లో ఏర్పడింది. ముందుగా స్థానిక పశువైద్యునికి చూపించి, ఆయన సలహాతో అక్కడికో, విజయవాడకో వెళ్ళవచ్చు. ఏయే పరీక్షలు అందుబాటులో ఉన్నవో ముందుగా విచారించి బయలుదేరితే జబ్బు కుక్కకు ప్రయాణ బాధ తప్పుతుంది. పాత ఎక్స్‌రేలను పారవేయక వెంట తీసుకువెళ్ళండి. మూడు నెలల క్రితం ఫిల్ముకూ నేటి ఫిల్ముకూ మధ్య గడ్డ పెరిగిన తీరే వైద్యునికి సగం సమాచారం.

మూడు వారాలు దాటిన దగ్గును చలిదగ్గని వదిలేయకండి. మన ఇంట్లోని దగ్గు మందులను, ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ వంటి మాత్రలను సొంతంగా ఇవ్వకండి. ఐబుప్రొఫెన్ కుక్క కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. ఆడకుక్క రొమ్ములను నెలకొకసారి తడిమి చూడండి. బఠాణీగింజంత గడ్డ అప్పుడే తీయిస్తే ఊపిరితిత్తికి ప్రాకే దారి మూయవచ్చు. ఇంట్లో పొగత్రాగకండి. దోమల చక్రాల పొగ, చెత్త కాల్చిన పొగ, కోతలయ్యాక పొలాలలో గడ్డి తగులబెట్టిన పొగ వీలైనంత దూరంగా ఉంచండి. నేల మీద పడుకునే కుక్కకూ, నేల మీద ప్రాకే పసిబిడ్డకూ అందేది ఒకే గాలి.

చుట్ట మానమని భార్య చెప్పినా, వైద్యుడు చెప్పినా వినని పెద్దలు మన డెల్టా పల్లెలలో చాలామంది ఉన్నారు. ఒకప్పుడు మనిషికీ కుక్కకూ సమానంగా అరుదైన జబ్బును మనిషి తన చేతులారా తనకు సాధారణం చేసుకున్నాడు. కుక్క ఊపిరితిత్తులు నేటికీ ఆ పాత కాలంలోనే ఉన్నాయి. వాటిని అక్కడే ఉండనివ్వడం, మన ఊపిరితిత్తులను కూడా అక్కడికి తిరిగి చేర్చడం మన చేతిలో ఉన్న పని. ఈ రోజు వెలిగించబోయే చుట్టను ప్రక్కన పెట్టడంతో అది మొదలవుతుంది.